డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఇంట్లో ఒకలా, ఆన్‌లైన్‌లో ఒకలా నడపాలి

కొత్తగా జట్టు కట్టేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ యాప్ మంచిదని. అది తర్వాత చూద్దాం. మీ ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారా, అడిగితే గానీ నోరు విప్పరా అన్నది ముందు తేల్చుకోండి. నేను హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒక జట్టుకీ, ఆన్‌లైన్‌లో ఇంకో జట్టుకీ డంజన్ మాస్టర్‌ని, అంటే ఆట నడిపేవాణ్ణి. ఆన్‌లైన్ జట్టులో మా బాబాయిగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, మిగతావాళ్లు విశాఖ, బెంగళూరు. రెండుచోట్లా కథ ఒకటే, నడిపే తీరు మాత్రం వేరు.

తెలియనివాళ్ల కోసం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. మాస్టర్ పరిస్థితి చెబుతాడు, ఆటగాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, గెలుస్తుందో లేదో అనుమానంగా ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బేసిక్ రూల్స్ ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి మొదటి ఆటకి పుస్తకాలు కొనక్కర్లేదు.

ఇంట్లో ఆడేటప్పుడు ఖర్చు తక్కువ, సర్దుడు ఎక్కువ. మ్యాపు కోసం చార్ట్ పేపర్ మీద అంగుళం గళ్లు గీయండి. ఒక్కో గడి ఐదడుగుల లెక్క. పాత్రల బొమ్మలు లేకపోతే చెస్ పావులు చాలు, గోబ్లిన్లకి (కథలో ఎదురయ్యే పొట్టి రాక్షసులకి) కూల్‌డ్రింక్ మూతలు. గాజు బల్ల మీద పాచికలు వేయనివ్వకండి, జారి సోఫా కిందకి పోతాయి. మడత పెట్టిన దుప్పటి పరిస్తే సరి. పాత్ర షీటు, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితం, పెన్సిల్‌తోనే నింపాలి. హిట్ పాయింట్లు (పాత్రకి మిగిలిన ప్రాణం లెక్క) మాత్రం విడిగా చిత్తు కాగితం మీద రాసుకోమనండి, లేదంటే చెరిపి చెరిపి షీటులో ఆ గడి చిల్లు పడుతుంది. మిర్చి బజ్జీలు ఇంటర్వెల్‌లోనే. నూనె చేతులతో షీటు ముట్టుకుంటే మా ఇంట్లో పాత్రకి ఒక హిట్ పాయింట్ కోత.

అసలు తేడా మౌనంలో ఉంది. ఇంట్లో "తలుపు అవతల ఎవరో దగ్గారు" అని చెప్పి నేను ఊరుకుంటాను. ఒకడు పాచిక చేతిలోకి తీసుకుంటాడు, ఇంకొకరు పక్కవాళ్ల మోచెయ్యి తడతారు, ఎవరు ముందు మాట్లాడాలో కళ్లతోనే తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో అదే మాట అని ఊరుకుంటే ముందు "హలో, వినిపిస్తోందా?" అని వస్తుంది. తర్వాత ముగ్గురు ఒకేసారి మొదలుపెట్టి, "నువ్వు చెప్పు", "లేదు, నువ్వు చెప్పు" అని ముగ్గురూ ఆగిపోతారు. మొహమాటస్తుడు ఆ రాత్రంతా మ్యూట్‌లోనే ఉండిపోతాడు.

అందుకని ఆన్‌లైన్‌లో "ఇప్పుడేం చేస్తారు?" అని అందరినీ కలిపి అడగొద్దు. "ఒరేయ్ దొంగా, తలుపు దగ్గరున్నది నువ్వే. గొళ్లెం తీస్తావా, వెనక్కి తగ్గుతావా? నీ తర్వాత మంత్రగత్తె" అని పాత్రని పిలిచి అడగండి, తర్వాతి వంతు ఎవరిదో కూడా చెప్పేయండి. రెండో మనిషికి ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది, వేరే ట్యాబ్‌లో క్రికెట్ స్కోరు చూసేవాడు కూడా వెనక్కి వస్తాడు. యుద్ధంలో ఎవరి తర్వాత ఎవరో చెప్పే ఇనిషియేటివ్ వరుస ఎలాగూ ఉంటుంది. నేను మామూలు మాటల సీన్లలో కూడా అలాంటి వరుసే పాటిస్తాను. జోకులన్నీ టెక్స్ట్ చాట్‌లోకి పంపండి, గొంతు ఛానల్‌లో ఒక్కరే మాట్లాడాలి. ఇయర్‌ఫోన్స్ లేనివాళ్లని నేను ఆటలోకి రానివ్వను, ఇందులో మొహమాటం లేదు.

యాప్ సంగతికొస్తే, మాట్లాడుకోవడానికి డిస్కార్డ్, మ్యాపుకి రోల్20 ఉచిత ఖాతా చాలు. రోల్20లోని షీటు మీద నొక్కితే పాచిక అదే పడుతుంది, బోనస్ కూడా అదే కలుపుతుంది. లెక్కలంటే భయపడే కొత్తవాళ్లకి ఇది పెద్ద ఉపకారం. రోల్20 బదులు ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్ కావాలంటే మాస్టర్ ఒక్కడే ఒకసారి 50 డాలర్లు పెట్టి కొంటాడు, ఆటగాళ్లకి ఖర్చుండదు. మ్యాపుల అలంకరణలో పడి శనివారమంతా పోగొట్టుకోకండి. ఆటగాళ్లు ఆ గదిలోకి అసలు వెళ్లకపోవచ్చు.

ఇంట్లో నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఆన్‌లైన్‌లో రెండున్నర గంటలు దాటితే గొంతుల్లో నీరసం తెలిసిపోతుంది. ఇంట్లో రహస్యం చెప్పాలంటే మనిషిని బాల్కనీలోకి తీసుకెళ్లాలి, మిగతావాళ్లకి అనుమానం వచ్చేస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక్కడికే మెసేజ్ పెడితే ఎవరికీ తెలియదు. జట్టులో ద్రోహి ఉండే కథలు అందుకే ఆన్‌లైన్‌కి దాచిపెడతాను. సత్రం నడిపే ముసలమ్మ వేషం మాత్రం ఇంట్లోనే పండుతుంది. ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏం నాయనా, భోంచేశావా?" అంటే వచ్చే నవ్వు కెమెరాలో రాదు.

నలుగురు బల్ల దగ్గర, ఒకడు ల్యాప్‌టాప్‌లో అనే పద్ధతి నాకు అసలు నచ్చదు. దూరంగా ఉన్నవాడికి ఇక్కడి నవ్వులే వినిపిస్తాయి, మాటలు వినిపించవు. ఒక్కడు రాలేకపోతే ఆ వారం అందరూ ఎవరింట్లో వాళ్లే ఉండి ఆన్‌లైన్‌లో ఆడండి.

అమెరికాలో మనవాళ్లుంటే గడియారం చూసుకోండి. డాలస్‌లో శనివారం రాత్రి 8 అంటే మనకి ఆదివారం పొద్దున ఎండాకాలంలో 6:30, చలికాలంలో 7:30. అక్కడ మార్చిలో రెండో ఆదివారం, నవంబర్‌లో మొదటి ఆదివారం టైమ్ మారుతుంది. ఆ రెండుసార్లూ ముందుగానే గ్రూపులో రెండు ఊళ్ల టైమూ రాసి పెట్టండి.