పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ ఎక్కడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

మొన్న మా పిన్ని 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి పట్టుకొచ్చింది. కూతురి పెళ్లి వీడియో ఇంట్లో కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. 9 జీబీ ఫైలు. "ఇందులో ఇంకో కాపీ పెట్టుకుందామంటే ఎక్కట్లేదు నాన్నా. ఫైలు మరీ పెద్దదంటోంది. సగానికి పైగా ఖాళీయే కదా!" అంది. పెన్‌డ్రైవ్ బాగానే ఉంది, వీడియో కూడా బాగానే ఉంది. చిక్కంతా ఆ పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసిన పద్ధతిలో ఉంది.

బ్యాకప్ ఆగిపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి కానీ, వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగినవే. కింద చెప్పినవన్నీ విండోస్ 10, 11 కంప్యూటర్లకు.

అన్నిటికంటే ముందు

పెన్‌డ్రైవ్ పెట్టగానే "యు నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. అందులో పాత బ్యాకప్ ఏదైనా ఉంటే అది ఇంకా లోపలే ఉండే అవకాశం ఉంది. ఫార్మాట్ చేస్తే దాన్ని బయటికి తీయడం ఇంకా కష్టమవుతుంది. ఆ స్థితిలో కొత్త ఫైళ్లేవీ దానిలోకి ఎక్కించకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాలి. బయటికి తీసిన ఫైళ్లను మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో కాకుండా వేరే డిస్క్‌లో దాచాలి.

మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి

కాపీ ఆగినప్పుడు స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌ను చాలామంది చదవకుండానే మూసేస్తారు. దాన్నే ఫొటో తీసి పెట్టుకోండి. కారణం సగం అందులోనే ఉంటుంది. ఇంకో మాట. "స్కిప్" అనే బటన్ దగ్గర తొందరపడొద్దు. కింద "డూ దిస్ ఫర్ ఆల్" దగ్గర టిక్ ఉండగా స్కిప్ నొక్కితే, అదే ఇబ్బంది ఉన్న ఫైళ్లన్నీ చెప్పాపెట్టకుండా వదిలేసి కాపీ అయిపోయినట్టు చూపిస్తుంది. ఏవి వదిలేసిందో తర్వాత మనకు తెలియదు.

ఖాళీ ఉన్నా ఎక్కనంటే

"ఫైల్ ఈజ్ టూ లార్జ్ ఫర్ ద డెస్టినేషన్ ఫైల్ సిస్టమ్" అని వస్తే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉందని అర్థం. ఇది డిస్క్‌లో ఫైళ్లను అమర్చే 1996 నాటి పద్ధతి. ఇందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఒక్కోటి 3 జీబీ ఉన్న ఫైళ్లు పది ఉన్నా ఎక్కుతాయి, 9 జీబీ ఫైలు ఒక్కటి మాత్రం ఎక్కదు. మా పిన్ని పెన్‌డ్రైవ్ సంగతి ఇదే.

ముందు చూసుకోండి: 'దిస్ పీసీ'లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 'ఫైల్ సిస్టమ్' అనే వరుస కనిపిస్తుంది. అక్కడ ఫ్యాట్32 అని ఉంటే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే మళ్లీ పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ తెరవండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. ఫార్మాట్‌తో అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి, పెట్టింది సరైన డ్రైవేనా అని పేరు, సైజు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఎక్స్‌ఫ్యాట్ ఎందుకంటే, దాన్ని విండోస్ చదువుతుంది, మ్యాక్ కూడా చదువుతుంది. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మ్యాక్‌లో చూడటం వరకే, అందులోకి రాయడం మామూలుగా కుదరదు. కొన్ని పాత టీవీలు మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. టీవీలో పాటలు, సినిమాలు చూసే పెన్‌డ్రైవ్‌ను, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ను వేర్వేరుగా ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంటింటికీ తిరిగే పెన్‌డ్రైవ్ మీద ఆధారపడలేం.

పెద్ద ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో చోటు అనుకున్నదానికంటే ముందే నిండిపోతే కంగారు పడొద్దు. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్ మామూలుగా 128 కేబీ చొప్పున గదులు కడుతుంది. 2 కేబీ ఉత్తరానికి కూడా ఒక గది పూర్తిగా పోతుంది. చిన్న ఫైళ్లు పదివేలు ఉంటే వాటికే దాదాపు 1.2 జీబీ కావాలి. వాటిని ఒకే జిప్ ఫైలుగా చేసి ఎక్కిస్తే ఆ చోటు మిగులుతుంది.

64 జీబీ అని కొన్న పెన్‌డ్రైవ్ 59.6 జీబీ అని చూపించడం మోసం కాదు. తయారీదారు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. నిజంగా భయపడాల్సింది కొన్ని వందల రూపాయలకే వచ్చే 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల గురించి. లోపల ఉండే అసలు మెమరీ చాలా కొంచెం. 2 టీబీ ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా చిప్‌ను మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండాక ఎక్కించినవి గాల్లో కలిసిపోతాయి, లేదంటే పాతవాటి మీదే పడతాయి. ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ కనిపిస్తాయి, తెరిస్తే మాత్రం తెరుచుకోవు. కొత్త పెన్‌డ్రైవ్ కొనగానే, ఖాళీగా ఉన్నప్పుడే, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించండి. లినక్స్, మ్యాక్ వాడేవారికి ఎఫ్3 ఉంది. డ్రైవ్ అంతా నింపి, నింపినదాన్ని తిరిగి చదివి, చెప్పినంత చోటు ఉందో లేదో తేలుస్తాయి. కొన్ని గంటలు పట్టొచ్చు. రాత్రి పెట్టి పడుకోండి.

అసలు కనిపించకపోతే

ముందు వేరే పోర్టులో పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ వెనక ఉన్న పోర్టులో పెట్టండి. అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందు వైపు పోర్టులకు వెళ్లే తీగలు వదులవుతుంటాయి. మధ్యలో పోర్టులు పెంచే హబ్ ఉంటే తీసేయండి. అప్పటికీ కనిపించకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ డ్రైవ్ ఉండి, అక్షరం మాత్రం లేకపోతే, దాని మీద రైట్ క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్'లో ఒక అక్షరం ఇస్తే సరిపోతుంది. ఇంకో కంప్యూటర్‌లో కూడా కనిపించకపోతే పెన్‌డ్రైవే పోయినట్టు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే కనిపించకపోతే అక్కడ యూఎస్‌బీని బ్లాక్ చేసి ఉండొచ్చు, ఐటీ వాళ్లను అడగండి.

మధ్యలో ఆగినా, నత్తనడక నడిచినా

మొదట వంద ఎంబీ వేగం చూపించి, అర నిమిషంలో పదికి పడిపోవడం మామూలే. మొదట కొంత భాగం తాత్కాలిక మెమరీలోకి వెళ్తుంది, ఆ తర్వాత కనిపించేదే పెన్‌డ్రైవ్ అసలు వేగం. సెకనుకు 10 ఎంబీ చొప్పున 40 జీబీ ఎక్కాలంటే గంటకు పైగా పడుతుంది. నీలం రంగు పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3 అన్నమాట, అందులో పెట్టండి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను 'నెవర్' చేయండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళలో ఈ పని పెట్టుకోవద్దు.

కాపీ ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగుతోందా? అయితే జాగ్రత్తగా ఉండాలి. "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అనో, "ఐ/ఓ డివైస్ ఎర్రర్" అనో వస్తే, ఆ ఫైలును ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి చూడండి. అక్కడా ఆగితే తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు, మీ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పాడవడం మొదలైంది. అలాంటప్పుడు డిస్క్‌ను బాగుచేద్దామని స్కాన్లు పెట్టి దాన్ని ఇంకా అరగదీయకండి. పోతే మళ్లీ రానివి ముందు బయటికి తీయండి. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు. ఒక్కో ఫోల్డర్‌గా కాపీ చేస్తూ, మొండికేసిన ఫైలును వదిలి ముందుకు వెళ్లండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ఆఖరికి చూసుకోవచ్చు. ఈ వరుస తప్పి, ముందు పెద్ద ఫోల్డర్లు పెట్టి, సగంలో డిస్క్ ఆగిపోయి బాధపడినవాళ్లను చూశాను. అందుకే ఇంతగా చెబుతున్నాను.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

ఫైలు పేరు, అది ఉన్న ఫోల్డర్ల పేర్లు అన్నీ కలిపి 260 అక్షరాలు దాటితే విండోస్ చాలాచోట్ల కాపీ చేయడానికి ఒప్పుకోదు. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, అంటే ఆరు. 'అమ్మ పేరు మీద పొలం కాగితాలు' లోపల 'రిజిస్ట్రేషన్ దస్తావేజులు', దాని లోపల మరో పొడుగు పేరు అలా పెట్టుకుంటూ పోతే ఇట్టే దాటిపోతుంది. అలాగని తెలుగు పేర్లు మానుకోనక్కర్లేదు. పై ఫోల్డర్ పేరును 'పొలం' అని కుదించి, ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టడం తగ్గిస్తే చాలు.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేసేవాళ్లు ఫైళ్లతో పాటు ఫాంట్లను కూడా బ్యాకప్ చేసుకోవాలి. అవి ఏ కంప్యూటర్ అయినా గుర్తించే యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మీ పుస్తకమంతా అర్థం కాని గుర్తులుగా కనిపిస్తుంది.

వాడుకలో ఉన్న ఫైళ్లు, మబ్బులో ఉన్న ఫైళ్లు

ట్యాలీ, ఔట్‌లుక్ తెరిచి ఉండగా వాటి డేటా ఫోల్డర్‌ను కాపీ చేయొద్దు. సగం సగం కాపీ రావొచ్చు. మూసేసి చేయండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో లేదు, ఇంటర్నెట్‌లో ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అని, మొత్తం దిగేదాకా ఆగి, అప్పుడు కాపీ చేయండి.

విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సదుపాయం వాడేవాళ్లు ఒకటి గమనించండి. అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే చూసుకుంటుంది. మనలో చాలామంది ముఖ్యమైనవన్నీ 'డి' డ్రైవ్‌లో పెట్టుకుంటాం, దాని జోలికి అది దానంతట అది వెళ్లదు. అక్కడున్న మీ ఫోల్డర్‌ను డాక్యుమెంట్స్ లాంటి ఒక లైబ్రరీలో చేర్చాలి. మొత్తం సిస్టమ్ ఇమేజ్‌ను, అంటే విండోస్‌తో సహా కంప్యూటర్ మొత్తానికి తీసే కాపీని, పెన్‌డ్రైవ్‌లో పెట్టబోతే "నాట్ ఎ వ్యాలిడ్ బ్యాకప్ లొకేషన్" అంటుంది. అది లోపం కాదు, ఆ పనికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కావాలి.

ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారితే

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లకు ఇది తరచుగా వస్తుంది. ఇది వైరస్. ఆ షార్ట్‌కట్‌ల మీద క్లిక్ చేయకండి. విండోస్ సెక్యూరిటీతో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లోని వ్యూ ట్యాబ్‌లో 'షో హిడెన్ ఫైల్స్' పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్ తీస్తే మీ అసలు ఫోల్డర్లు సాధారణంగా అక్కడే కనిపిస్తాయి. వాటిని కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. పని అయ్యాక ఆ టిక్ మళ్లీ పెట్టేయండి.

కాపీ అయ్యాక

కాపీ పూర్తయిందని రాగానే పెన్‌డ్రైవ్ లాగేయకండి. లైటు మెరుస్తుంటే ఇంకా రాస్తోందన్నమాట. కింద మూలన ఉన్న యూఎస్‌బీ గుర్తు మీద నొక్కి 'ఎజెక్ట్' చేయండి. వాడుకలో ఉందంటే తెరిచిన ఫైళ్లు, ఫోల్డర్లు మూసి మళ్లీ నొక్కండి. అప్పటికీ వదలకపోతే కంప్యూటర్‌నే షట్‌డౌన్ చేసి తీయండి.

తీసినదాన్ని మళ్లీ పెట్టండి. అసలు ఫోల్డర్‌కు, పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌కు ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, 'సైజ్' పోల్చండి. 'సైజ్ ఆన్ డిస్క్' తేడాగా ఉన్నా పర్వాలేదు. ఆ తర్వాత వేరే కంప్యూటర్‌లో పెట్టి, అన్నిటికంటే పెద్ద ఫైలు, అన్నిటికంటే పాత ఫైలు, ఆఖరున ఎక్కిన ఫైలు తెరిచి చూడండి. ఫొటో అయితే కింది సగం బూడిద రంగులో ఉందేమో, వీడియో అయితే చివరిదాకా నడుస్తోందో లేదో చూడాలి. కాపీ మధ్యలో తెగితే పోయేది తరచుగా చివరి భాగమే.

మా పిన్ని పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ చేశాక ఆ 9 జీబీ వీడియో పద్నాలుగు నిమిషాల్లో ఎక్కింది. బాబాయి ల్యాప్‌టాప్‌లో పెట్టి, వీడియో కింద ఉండే గీతను చివరిదాకా జరిపాం. అప్పగింతలు వచ్చాయి, కారు గేటు దాటడం కూడా వచ్చింది. పిన్ని మార్కర్‌తో పెన్‌డ్రైవ్ మీద ఆ రోజు తేదీ రాసి, ఇంకో కాపీ అమ్మమ్మ వాళ్లింట్లో పెట్టడానికి రెండో పెన్‌డ్రైవ్ తీసింది.