పాంక్రియాస్ నొప్పితో రోజులు ఎలా నెట్టుకురావాలి, ఆపరేషన్ మాట ఎప్పుడు ఎత్తాలి

మన వైజాగ్ లో పైకడుపు నొప్పి అనగానే గ్యాస్ అనేస్తారు, మెడికల్ షాపులో ఓ పాంటాప్, ఓ జెలుసిల్ కొనుక్కుని నెలలు గడిపేస్తారు. నొప్పి వీపులోకి పొడుచుకుపోతూ, తిన్నాక ఎక్కువవుతూ, తలగడ పొట్టకి అదుముకుని ముందుకి వంగి కూర్చుంటేనే కాస్త ఊరటగా ఉంటే, పైగా మనిషి చిక్కిపోతుంటే ఇంక ఆగొద్దు, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరకెళ్లి పాంక్రియాస్ చూడమని అడగండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లో గ్యాస్ట్రో విభాగం ఉంది, ప్రైవేటు అయితే ఆరిలోవ హెల్త్ సిటీలో పెద్దాసుపత్రులు ఉన్నాయి. దీన్ని క్రానిక్ పాంక్రియాటైటిస్ అంటారు, అంటే పాంక్రియాస్ కి ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బు. తాగేవాళ్లకే ఈ జబ్బు అని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు, మా తమ్ముడు చుక్క ముట్టడు, అయినా ఎన్ని మాటలు పడ్డాడో. తాగుడు పెద్ద కారణమే, కాదనను, కానీ జన్యువుల వల్ల కూడా వస్తుంది, మన దక్షిణాదిలో చిన్న వయసులోనే పాంక్రియాస్ లో రాళ్లు పట్టేవాళ్లు చాలామందే ఉన్నారు.

తాగుడు పూర్తిగా మానాలి, పండక్కి ఒక్క పెగ్గు అనేది కూడా వద్దు. సిగరెట్, బీడీ, చుట్ట కూడా అంతే, పొగ ఒక్కటే జబ్బుని ముదరబెట్టగలదు, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

తిండి దగ్గరే అసలు గందరగోళం. నూనె మొత్తం ఆపేసి చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టేస్తారు, మనిషి ఎముకలు తేలిపోతాడు. ఎంజైమ్ క్యాప్సూల్స్ (పాంక్రియాస్ చెయ్యాల్సిన అరుగుదల పని చేసే మందు) సరిగ్గా పడితే మామూలు వంటల్లో ఉండే నూనె చాలామందికి అరుగుతుంది, బజ్జీలు, వేపుళ్లు పక్కన పెట్టి, రోజుకి ఐదారు సార్లు కొంచెం కొంచెంగా, గుడ్డు, పప్పు, చేపల పులుసు లాంటివి తినాలి. ఇక ఆ క్యాప్సూల్ ఎలా వేసుకోవాలో చూడండి: తినడానికి అరగంట ముందు కాదు, చెయ్యి కడుక్కున్నాక కాదు. మొదటి రెండు ముద్దలు తిన్నాక ఒకటి, రెండోది ఉంటే భోజనం మధ్యలో, చల్లటి నీళ్లతో, నమలకుండా. అన్నంతో కలిసి కడుపులోకి వెళ్తేనే అది పనిచేస్తుంది. పెద్దవాళ్లకి భోజనానికి సాధారణంగా 40,000 నుంచి 50,000 యూనిట్లు, టిఫిన్ తక్కువైతే అందులో సగం రాస్తారు, మీ డోసు మీ డాక్టర్ చెప్పిందే. మోషన్ జిడ్డుగా, పాలిపోయి, ఎన్ని నీళ్లు కొట్టినా పోకుండా, పైన నూనె తేలుతుంటే డోసు చాలట్లేదని అర్థం, సిగ్గుపడకుండా చెప్పండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు, ఎముకల బలం, షుగర్ కూడా చూపించుకుంటూ ఉండాలి. ఈ జబ్బుతో వచ్చే షుగర్ లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి ఒక్కసారిగా లో అయిపోయే ప్రమాదం ఎక్కువ, జేబులో గ్లూకోజ్ ఉంచండి.

ఇక ఆపరేషన్. మనవాళ్లు దాన్ని ఆఖరి అస్త్రం అనుకుంటారు, ముందు స్టెంటు (పాంక్రియాస్ నాళంలో ఎండోస్కోపీతో పెట్టే సన్నటి గొట్టం), మళ్లీ మార్చడం, ఈలోగా ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు లేకపోతే రోజు గడవని స్థితి వచ్చేస్తుంది. నేను గట్టిగా చెప్పేదొకటే, ఆ స్థితి రాకముందే ఒక్కసారి సర్జన్ తో మాట్లాడండి. నెదర్లాండ్స్ లో 88 మంది మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది, పాంక్రియాస్ నాళం ఉబ్బి, బలమైన నొప్పి మందులు ఈమధ్యే మొదలుపెట్టినవాళ్లలో, ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి ఏడాదిన్నర పాటు చూస్తే నొప్పి తక్కువగా ఉంది, ముందు మందులు, తర్వాత ఎండోస్కోపీ అంటూ వెళ్లినవాళ్లతో పోలిస్తే. అలాగని ఆపరేషన్ లేని దారులు పనికిరావని కాదు, నాళంలో రాళ్లని బయట నుంచి షాక్ వేవ్స్ తో పొడి చేసే పద్ధతికి హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రికి మంచి పేరుంది, కొందరికి దాంతోనే సరిపోతుంది.

ఏ ఆపరేషన్ అనేది స్కాన్ చెప్తుంది. నాళం బాగా వెడల్పయితే దాన్ని నిలువునా తెరిచి పేగుకి కలుపుతారు, పాంక్రియాస్ తల భాగం కూడా వాచి ఉంటే అక్కడ కొంత తవ్వి తీసేసి కలుపుతారు, దాన్ని ఫ్రే అంటారు. ఆ తల భాగంలో గడ్డ క్యాన్సరేమో అని అనుమానం ఉంటే విప్పుల్ అనే ఆపరేషన్, అంటే ఆ తల భాగాన్ని తీసేయడం. పాంక్రియాస్ మొత్తం తీసేస్తే షుగర్ ఖాయం కాబట్టి, అందులోని ఇన్సులిన్ కణాలని వేరుచేసి లివర్ లోకి ఎక్కించే పద్ధతి ఉంది, అది కొద్ది చోట్లే చేస్తారు. సర్జన్ ని ఇవి అడగండి: నా నాళం ఎన్ని మిల్లీమీటర్లు, మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, షుగర్ వచ్చే అవకాశం ఎంత, నొప్పి తగ్గకపోతే తర్వాతేంటి. ఆపరేషన్ నొప్పి కోసమే, జబ్బుని తుడిచెయ్యదు, క్యాప్సూల్స్ తర్వాత కూడా వాడాల్సి రావచ్చు, పొగ, తాగుడు మళ్లీ మొదలెడితే చేయించుకున్నదంతా వృథా.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి, డాక్టర్లు బొమ్మలే చూస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే అడ్మిట్ అవ్వకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, మీ ఆపరేషన్ పేరు చెప్పి, అది పథకంలో ఉందో లేదో కనుక్కోండి. జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, నల్లటి మోషన్, వీటిలో ఏది కనిపించినా ఓపీ డేట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.