పందుల మలం నమూనా ల్యాబుకు పంపే ముందు జాగ్రత్తలు

పందులకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ముందు నమూనా, తర్వాతే మందు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. యాంటీబయాటిక్ పడ్డాక బ్యాక్టీరియా, ల్యాబులో దాన్ని పెంచి చూసే పరీక్ష అయిన కల్చర్‌లో పెరగకపోవచ్చు. అప్పుడు రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, మందలో రోగం మాత్రం అలాగే ఉంటుంది. అలాగని నీరసించిన పందికి వైద్యం ఆపవద్దు. నమూనా తీసిన వెంటనే మొదలుపెట్టండి.

- ఒక్క పందితో సరిపెట్టకండి. విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా మలంలో ప్రతిరోజూ బయటపడదు. కొత్తగా విరేచనాలు పట్టుకున్న నాలుగైదింటి నుంచి విడివిడిగా తీయండి.
- నేల మీది మలం వద్దు. మలద్వారం నుంచి తీసి, మూత గట్టిగా పట్టే శుభ్రమైన డబ్బాలో వేయండి. కల్చర్ నమూనాలో ఫార్మలిన్ (నమూనా చెడకుండా వాడే రసాయనం) కలపకూడదు.
- ఐసు ప్యాకులతో థర్మాకోల్ పెట్టెలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. చిత్తూరు ఎండల్లో పల్లె నుంచి తిరుపతి దాకా తేవాలంటే తెల్లవారుజామునే బయలుదేరడం మేలు. 24 గంటల్లోపు ల్యాబుకు చేరాలి.
- చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి. సాల్మొనెల్లా మనుషులకూ సోకుతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

డబ్బాతో పాటు చీటీ పంపండి: పందుల వయసు, విరేచనాలు ఎప్పటి నుంచి, రక్తం పడుతోందా, మేత మార్చారా, ఏ మందులు వాడారు. ఈ వివరాలను బట్టే ఏ పరీక్ష చేయాలో తేలుతుంది. పేగులకు సోకే లాసోనియా అనే బ్యాక్టీరియా మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) కావాలి. రక్త విరేచనాలు కలిగించే బ్రాకిస్పైరా అనే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేనిచోట నెమ్మదిగా పెరుగుతుంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికైనా, మరో ల్యాబుకైనా ముందే ఫోను చేసి, ఏ పరీక్షలు చేస్తారో, నమూనాలు ఏ రోజుల్లో తీసుకుంటారో కనుక్కోండి.