కమాండ్ తెరకి యుద్ధ సిమ్యులేటర్‌ని కలపడం: రెండు లాప్‌టాప్‌లతో నేర్చుకున్నది

సైనిక అధికారి యుద్ధంలో ఏ తెర చూస్తాడో, శిక్షణలోనూ అదే తెర చూడాలి. ఈ తంటా అంతా అందుకే. ఆ తెరా, యుద్ధాన్ని కంప్యూటర్‌లో నడిపే సిమ్యులేటరూ కలవకపోతే ఏమవుతుందంటే, అధికారి తన తెర మీద ఆదేశం రాస్తాడు. పక్క గదిలో ఇంకొకరు దాన్ని చదివి సిమ్యులేటర్‌లో చేత్తో ఎక్కిస్తారు, అక్కడ జరిగింది చూసి మళ్లీ ఫోన్‌లో చెబుతారు. ఆ పక్క గది మనిషి పనిని చేసే ప్రోగ్రామే గేట్‌వే. ఉద్యోగంలో చేసేది ఇక్కడ రాయను. ఇంట్లో రెండు పాత లాప్‌టాప్‌లు, ఒక రూటర్ పెట్టుకుని, ఎవరికైనా దొరికే ప్రమాణాలతో చేసిందే చెబుతాను.

సిమ్యులేటర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ముఖ్యంగా డీఐఎస్ (ఐఈఈఈ 1278), హెచ్‌ఎల్‌ఏ (ఐఈఈఈ 1516) అనే ప్రమాణాలు ఉన్నాయి. డీఐఎస్‌తో మొదలుపెట్టండి. మధ్యలో సర్వర్ అక్కర్లేదు. ప్రతి ట్యాంకూ "నేను ఇక్కడున్నాను" అని ఒక యూడీపీ ప్యాకెట్ (అందిందో లేదో చూడకుండా పంపే చిన్న సందేశం) నెట్‌వర్క్ మీదకి వదులుతూ ఉంటుంది. ఆ ప్యాకెట్ చిన్నదైతే 144 బైట్లు. అమెరికాలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో మొదలైన ఓపెన్-డీఐఎస్ లైబ్రరీ ఉచితం, పైథాన్‌లోనూ ఉంది. హెచ్‌ఎల్‌ఏ జోలికి తర్వాత వెళ్లొచ్చు.

కమాండ్ వైపు సీటూసిమ్ తీసుకోండి, అది కమాండ్ సిస్టమ్‌కీ సిమ్యులేటర్‌కీ మధ్య నడిచే సందేశాల ప్రమాణం. అంతకుముందు రంగం సిద్ధం చేయడానికి ఎంఎస్‌డీఎల్ (2008), ఆదేశాలకీ నివేదికలకీ సీ-బీఎంఎల్ (2014) వేరువేరుగా ఉండేవి, ఒకదానికొకటి సరిగ్గా అతికేవి కావు. సిసో అనే ప్రమాణాల సంస్థ 2020లో సీటూసిమ్‌గా ఆ రెండు పనులనీ ఒక గూటికి చేర్చింది. ఇందులో ముఖ్యంగా మూడు రకాల సందేశాలు: మొదట్లో ఎవరెక్కడున్నారో చెప్పేది, ఆదేశం, నివేదిక. మూడూ ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల రాతలోనే.

కోడ్ మొదలుపెట్టకముందే పేర్ల పట్టిక రాసుకోండి. కమాండ్ వైపు ఒక దళానికి ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. డీఐఎస్‌లో ఒక్కో ట్యాంకుకి మూడు చిన్న అంకెలు: సైటు (చోటు), అప్లికేషన్ (ప్రోగ్రామ్), ఎంటిటీ (ఆ ట్యాంకు). అధికారి తెర మీద ఒక కంపెనీ, అంటే ఒక ట్యాంకు దళం, ఒకే గుర్తు; సిమ్యులేటర్‌లో అది పద్నాలుగు ట్యాంకులు. మరి కంపెనీ ఎక్కడుందని చెప్పాలి? నేను తెలివిగా అన్ని ట్యాంకుల స్థానాలకీ సగటు తీశాను. సగం ట్యాంక్‌బండ్ మీద, సగం నెక్లెస్ రోడ్డు మీద ఉన్నాయి. కంపెనీ గుర్తు వెళ్లి హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి పక్కన తేలింది. అప్పట్నించి కమాండర్ ఎక్కిన ట్యాంకు ఎక్కడుంటే కంపెనీ అక్కడే అని రాస్తున్నాను.

ఇక చోటు. కమాండ్ సిస్టమ్ అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంది. డీఐఎస్‌కి అవి పనికిరావు, భూమి కేంద్రం నుంచి మూడు దిశల్లో మీటర్లు కావాలి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర 17.44 ఉత్తరం, 78.49 తూర్పు, ఎత్తు సున్నా అనుకుంటే సుమారుగా 12,14,500; 59,64,400; 18,99,300 రావాలి. మీ ఫంక్షన్ ఇవే అంకెలు ఇస్తోందో లేదో చూశాకే ముందుకు కదలండి. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే ఎర్రర్ ఏమీ రాదు. పరేడ్ గ్రౌండ్స్‌లో ఉండాల్సిన ట్యాంకు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులో తేలుతుంది. ఎత్తు సంగతి ఇంకా మాయదారిది. మనం మామూలుగా చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచి. డీఐఎస్ లెక్క భూమికి గీసిన దీర్ఘవృత్త ఆకారం నుంచి. దక్షిణ భారతంలో సముద్రమట్టం ఆ గీతకి పదుల మీటర్లు కిందే ఉంటుంది. ఆ తేడా సరిచేయకుండా పంపితే ట్యాంకు డాబాల మీదుగా గాల్లో ఎగురుతుంది.

టైమ్ దగ్గర నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. డీఐఎస్ టైమ్‌స్టాంపులో తేదీ ఉండదు, గంట కూడా ఉండదు. ప్రస్తుత గంట మొదలై ఎంతసేపయిందో మాత్రమే 31 బిట్లలో ఉంటుంది, మిగిలిన ఒక్క బిట్టు అది అసలు గడియారంతో సరిచూసిన టైమో కాదో చెబుతుంది. తేదీ, గంట గేట్‌వే తనే కలుపుకోవాలి. నా నివేదికలన్నీ సరిగ్గా అరగంట తేడాతో వస్తున్నాయి. అదే కోడ్ అమెరికాలో ఉన్న స్నేహితుడికి పంపితే అక్కడ శుభ్రంగా నడిచింది. తీరా చూస్తే, గ్రీనిచ్ టైమ్ రాయాల్సిన చోట స్థానిక టైమ్ రాశాను. మన గడియారం అయిదున్నర గంటలు ముందు కదా. అయిదు గంటలు డీఐఎస్ కంటికి ఆనవు, ఆ అరగంట ఒక్కటే పట్టుబడింది. వాడుండే చోట తేడా నిండు గంటల్లోనే కాబట్టి తప్పు దాక్కుంది. రెండు లాప్‌టాప్‌ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు సరిచేసే పద్ధతి) కలిపి, లోపల అన్నిచోట్లా యూటీసీనే, అంటే ఆ గ్రీనిచ్ టైమ్‌నే, వాడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది ఇప్పుడు చెబుతాను. సిమ్యులేటర్‌కి అంతా తెలుసు. కొండ వెనక నక్కిన శత్రు ట్యాంకు ప్యాకెట్ కూడా మీ గేట్‌వేకి వస్తూనే ఉంటుంది. దాన్ని నేరుగా అధికారి తెర మీదకి తోస్తే, చూడ్డానికి డెమో అదిరిపోతుంది, శిక్షణ మాత్రం సున్నా. ప్యాకెట్‌లో పక్షం చెప్పే అంకె ఉంటుంది, 1 అంటే మనవాళ్లు, 2 అంటే ఎదుటివాళ్లు. మనవాళ్లయితే స్థాన నివేదిక పంపండి, అదీ సెకనుకోసారి కాదు, నిమిషానికోసారి చాలు. ఎదుటివాళ్లయితే, మన దళంలో ఎవరైనా చూసినట్టు సిమ్యులేటర్ చెబితేనే పరిశీలన నివేదిక వెళ్లాలి, అదీ చూసినవాడికి తెలిసినంతవరకే. దూరం నుంచి దుమ్ము మాత్రమే కనిపిస్తే "ఏదో బండి" అనాలి గానీ ట్యాంకు మోడల్ పేరు చెప్పకూడదు. నా గేట్‌వేలో సగం కోడ్ ఇలా సమాచారాన్ని ఆపేదే.

ఆదేశాలది ఎదురు దారి. "ఫలానా వంతెనని ఆక్రమించు" అని వస్తుంది, మీ సిమ్యులేటర్‌కి వెళ్లడం, కాల్చడం తప్ప ఏమీ రాదు. ఆ పనిని ముక్కలు చేసి ఇవ్వండి. చేయలేకపోతే చేయలేనని నివేదిక తిరిగి పంపండి. నోరు మూసుకుని పారేయొద్దు, అధికారి తన ఆదేశం నడుస్తోందనుకుని కూర్చుంటాడు.

అంతా నడిచాక సిమ్యులేటర్ లాప్‌టాప్ కేబుల్ పీకేయండి. డీఐఎస్‌లో ఆగి ఉన్న ట్యాంకు కూడా మామూలుగా 5 సెకన్లకోసారి పలకరించాలి, 12 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే మిగతా సిమ్యులేటర్లు దాన్ని తీసేస్తాయి. అధికారి తెర మీద మాత్రం గుర్తు మాయమవకూడదు. నిజంగా రేడియో తెగినా దళం గాల్లో కలిసిపోదు కదా. గుర్తు ఆఖరిసారి కనిపించిన చోటే ఉండాలి, పక్కన ఆ నివేదిక వచ్చి ఎన్ని నిమిషాలైందో పెరుగుతూ కనబడాలి.