హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల కేసు వివరాలు రాసుకునే ముందు

– దుబాసీని ముందే మాట్లాడుకోండి. పక్కింటివాళ్లు, బంధువులు వద్దు, వాళ్ల ముందు కొన్ని మాటలు పెదవి దాటవు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే దుబాసీ కూడా ఆడమనిషే కావాలి. తల్లి పడ్డ బాధను పిల్లల నోటితో చెప్పించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

– యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) ఇచ్చిన కార్డు గడువు తేదీ చూడండి. దాని ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

– వివరాల కోసం మయన్మార్ ఎంబసీని అడగొద్దు. అక్కడ మిగిలిన కుటుంబానికి ప్రమాదం.

– "ఏం కాదు, నేనున్నాను" అని మాట ఇవ్వకండి. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, కార్డున్నా అరెస్టు జరగొచ్చు. కానీ రాజ్యాంగంలోని 14 (చట్టం ముందు సమానత్వం), 21 (ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ) అధికరణలు పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. అది తప్పకుండా చెప్పండి.

– చెబుతూ ఏడిస్తే పెన్ను పక్కన పెట్టేయండి.