రెండు పాత డీజిల్ సెడాన్లు నచ్చితే ఏది కొనాలో తేల్చుకోవడం ఎలా

బీఎండబ్ల్యూ 520డీ ఒకటి, మెర్సిడెస్ ఈ220 సీడీఐ ఒకటి, రెండూ 2008 మోడల్, రెండూ మీ బడ్జెట్‌లోనే దొరుకుతున్నాయి అనుకుందాం. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, హార్స్‌పవర్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్ పక్కపక్కన పెట్టి లెక్కేస్తారు. ఒకటి 177 హార్స్‌పవర్, ఇంకోటి 170, ఈ ఏడింటి తేడా ఇంత వయసొచ్చిన బండిలో మీకు తెలియనే తెలియదు. చూడాల్సింది వేరే ఉంది. ఒక్కో మోడల్‌కి జేబు ఖాళీ చేసే రిపేరు ఒకటుంటుంది. అదేంటో తెలుసుకుని, పాత ఓనర్ ఇప్పటికే చేయించాడా లేక మీ నెత్తిన పడబోతోందా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఛాసిస్ నంబర్ అడిగి ఇంజన్ కోడ్ కనుక్కోండి, ఎందుకంటే వెనక అంటించిన పేరు ఒకటే అయినా లోపల ఇంజన్ వేరే ఉండొచ్చు. ఈ60 బాడీ (ఆ తరం బండికి కంపెనీ పెట్టుకున్న కోడ్ పేరు) 520డీలో మొదట్లో వచ్చిన ఇంజన్ ఎం47, 163 హార్స్‌పవర్‌ది. 2007 చివరి నుంచి ఎన్47 వచ్చింది. ఎం47లో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లో స్విర్ల్ ఫ్లాప్‌లు అని చిన్న రేకులుంటాయి, అవి విరిగి సిలిండర్‌లో పడితే ఇంజన్ పాడైపోతుంది, కాబట్టి తీసేయించారా అని అడగండి. ఎన్47లో అసలు భయం టైమింగ్ చైన్‌తో, అంటే ఇంజన్ లోపలి భాగాలు వేళ తప్పకుండా కదిలేలా చూసే గొలుసుతో. అది ఇంజన్‌కి ముందు వైపు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, అంటే చైనూ దాన్ని దారిలో ఉంచే గైడ్లూ అరిగితే వాటిని మార్చడానికి గేర్‌బాక్సో ఇంజనో దించాలి, లేబర్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. మార్చకుండా వదిలేసి చైన్ తెగితే ఇక ఇంజన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మెర్సిడెస్ డబ్ల్యూ211లో (ఇది ఆ తరం ఈ220కి కోడ్ పేరు) ఓఎం646 ఇంజన్ చైన్ ముందు వైపే ఉంటుంది, ఆ టెన్షన్ తక్కువ. కానీ 2008 కాకుండా ఇంకా పాతది చూపిస్తే జాగ్రత్త, 2006లో ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కి చేసిన మార్పులు) రాకముందు బండ్లలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేక్ ఉండేది. ఆ యూనిట్ బ్రేక్ ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టుకుంటూ పోయి, లెక్క నిండగానే డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక చూపిస్తుంది. నేనైతే ఆ బండ్ల జోలికి పోను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. రెండు బండ్లనీ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. ముందు రోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. నా మొదటి డీజిల్ కారు కొన్నప్పుడు నేనీ పని చేయలేదు. అమ్మేవాయన బండి శుభ్రంగా కడిగి, ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసి రెడీగా ఉంచితే మంచి మనిషి అనుకున్నాను. మర్నాడు పొద్దున మా ఇంటి ముందు స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, స్టీరింగ్ చేతిలో ఒణికిపోతోంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లలో రెండు పోయాయని మెకానిక్ చెప్పాడు.

స్టార్ట్ చేశాక బీఎండబ్ల్యూ అయితే బానెట్ ఎత్తి, ముందు అద్దం వైపు, అంటే ఇంజన్ వెనక భాగం దగ్గర చెవి పెట్టండి. యాక్సిలరేటర్ మెల్లగా 1,500, 2,000 ఆర్‌పీఎం దాకా తొక్కమనండి. గొలుసు రేకుకి రాసుకున్నట్టు గరగరమని శబ్దం వస్తే అక్కడితో ఆపేయండి. శబ్దం రాకపోయినా చైన్ మార్చిన బిల్లు అడగండి, నోటిమాట చాలదు.

మెర్సిడెస్‌లో ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ తీయించి టార్చ్ వేసి చూడండి. ఇంజెక్టర్ల అడుగున ఉండే రాగి వాషర్ లీకైతే మంట గాలి పైకి తన్నుకొచ్చి, ఇంజెక్టర్ చుట్టూ నల్లటి తారులాంటిది పేరుకుని బొగ్గులా గట్టిపడుతుంది. దగ్గరగా వింటే చుఫ్ చుఫ్ అని వినిపిస్తుంది, కారు లోపల పొగ వాసన కూడా రావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే వాషర్ మారిస్తే సరిపోతుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే ఇంజెక్టర్ హెడ్‌లో బిగుసుకుపోయి బయటికి తీయడమే పెద్ద యుద్ధం.

డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బండైతే డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తోందంటే, బండి దగ్గర దూరాలే తిరిగి, ఫిల్టర్ మసిని కాల్చుకునే పని సగంలో ఆగిపోతూ ఆ డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి, వేలికి మసి మందంగా అంటితే ఫిల్టర్ పగిలిందనో లోపలిది తీసేశారనో అర్థం.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే లైఫ్‌టైమ్ ఆయిల్ అండీ, మార్చక్కర్లేదు అంటారు. నమ్మకండి. 520డీకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. అరగంట నడిపి గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక, నెమ్మదిగా ఆపుతున్నప్పుడు రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో నెట్టినట్టు కుదుపు వస్తుందేమో గమనించండి.

ఆ డ్రైవ్ అయిపోయాకే బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి, ముందే పెడితే అమ్మేవాళ్లు ఆ పొద్దున తుడిచేసిన కోడ్లు కనబడవు. వీలైతే రెండు బండ్లకీ ఒకే మెకానిక్‌తో, ఒకే స్కానర్‌తో, ఒకే రోజు చేయించండి, అప్పుడే ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు (ఒక్కో ఇంజెక్టర్ డీజిల్‌ని కంప్యూటర్ ఎంత సర్దుతోందో చెప్పే అంకెలు) పక్కపక్కన పెట్టుకుని చూడగలరు.

నా లెక్క అడిగితే, చైన్ బిల్లు లేని ఎన్47 కంటే ఇంజెక్టర్లు శుభ్రంగా ఉన్న 2008 ఈ220 మేలు. చైన్ మార్చినట్టు కాగితం ఉండి, అటు మెర్సిడెస్‌లో తారు పేరుకుని ఉంటే మాత్రం కళ్లు మూసుకుని 520డీకే వెళ్తాను. మీటర్ మీద 1,10,000 చూపిస్తూ ఒక్క బిల్లూ లేని బండి కంటే, 2,20,000 తిరిగి ప్రతి సర్వీసుకీ కాగితం ఉన్న బండినే నేను నమ్ముతాను. ఏది కొన్నా చేతిలో ఉన్న డబ్బంతా ధరకే పెట్టేయకండి, మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, బెల్టు మార్పించడానికి కొంత పక్కన ఉంచుకోండి.