పిల్లాడు సైకిల్ తొక్కనంటున్నాడా? ముందు సైకిల్‌ని చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం: దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళలో మన పిల్లలు సైకిల్ తొక్కేది చదును నేల మీద కాదు. గేటు దాటితే ఎత్తో దిగుడో ఉంటుంది. తారు రోడ్డు పక్కకు దిగితే ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానాకాలమైతే బురద. ఇలాంటి చోట గేర్లున్న మౌంటెన్ సైకిల్ పిల్లలకు నిజంగా పనికొస్తుంది. అయినా కొన్న నెల తిరక్కుండానే వరండాలో మూలపడ్డ సైకిళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. "వాడికి సరదా తీరిపోయింది" అంటారు పెద్దలు. నేను చూసినంతలో చాలాసార్లు తీరింది సరదా కాదు. సైకిల్ వాడికి సరిపడలేదు, ఆ సంగతి మాటల్లో చెప్పడం వాడికి రాలేదు. అందుకే పిల్లలు చేసేదాన్ని, అనేదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో పట్టుకునేలా ఇది రాస్తున్నాను.

ఎక్కడానికి భయపడుతోంది, ఆపితే పక్కకు ఒరిగిపోతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: సైకిల్ పెద్దది. "గుంటడు ఎదుగుతాడు కదా బాబూ, పెద్దది తీసుకోండి, నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని కొట్టువాడు అంటాడు, మనకూ అది పొదుపుగానే అనిపిస్తుంది. కానీ ఎదిగేదాకా పిల్ల భయంభయంగా తొక్కాలి, లేదా మానెయ్యాలి. సైకిల్ మీద భయం పడిందంటే పోగొట్టడం కష్టం. ఆ పొదుపు నాకు అస్సలు నచ్చదు.

వయసు చూసి కొనకండి. అట్టపెట్టె మీద రాసే వయసును నమ్మకండి. కొలవండి. పిల్లను చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులా పైకి ఆనించి పట్టుకోండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిల్ గీత పెట్టి, నేల నుంచి టేపుతో కొలవండి. అది కాలి కొలత. సీటును పూర్తిగా కిందికి దించినప్పుడు నేల నుంచి దాని ఎత్తు ఈ కొలత కంటే ఎక్కువుంటే ఆ సైకిల్ ఇప్పుడు వద్దు. సీటు ముందు నిలబడితే ఫ్రేము పైగొట్టానికీ పిల్లకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రాళ్ళ మీద హఠాత్తుగా దిగాల్సి వస్తే దెబ్బ తగలకుండా కాపాడేది ఆ ఖాళీయే.

చక్రం సైజు మోటుగా చెప్పాలంటే, 115 నుంచి 130 సెం.మీ. ఎత్తు పిల్లలకు 20 ఇంచులు, 130 నుంచి 147 దాకా 24 ఇంచులు, ఆపైన చిన్న ఫ్రేముతో 26. సరిగ్గా హద్దు మీద ఉంటే? కొత్తగా నేర్చుకునే పిల్లకు చిన్నది, బాగా తొక్కే పిల్లకు పెద్దది. ఒకే సైజులో కూడా ఫ్రేములు వేరువేరుగా ఉంటాయి కాబట్టి చివరి మాట కాలి కొలతదే.

పెద్ద సైకిల్ ఇప్పటికే కొనేశారా? సీటు పూర్తిగా దించండి. సీటు కింద నట్టు వదులు చేస్తే పట్టాల మీద ముందుకు జరుగుతుంది, జరపండి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొడవుదైతే 40, 50 మిల్లీమీటర్ల పొట్టిది వేయించండి. ఇవి చేతులు చాలకపోవడాన్ని సరిచేస్తాయి. ఫ్రేమే ఎత్తయితే వీటితో పని జరగదు. అప్పుడు పెదనాన్న కొడుక్కో, మేనత్త కూతురికో ఇచ్చి, వాళ్ళ చిన్న సైకిల్ తెచ్చుకోవడమే మంచిది. హైస్కూల్లో ప్రభుత్వం ఇచ్చే సైకిల్ ఎలాగూ పెద్దదే, ఈలోపు ఇంట్లో ఇంకో పెద్దది ఎందుకు?

చిన్న ఎత్తు రాగానే దిగి తోసుకుంటున్నాడు

ఇక్కడ రెండు కారణాలు కలుస్తాయి: బరువు, గేరు.

ముందు బరువు. బరువు చూసే యంత్రం మీద మీరొక్కరే నిలబడి చూడండి, తరవాత సైకిల్ ఎత్తుకుని చూడండి. తేడాయే సైకిల్ బరువు. రెండు షాకులూ (కుదుపును మింగే స్ప్రింగులు) లావు గొట్టాలూ ఉన్న ఇనప సైకిల్ 20 ఇంచుల్లో కూడా 15 కిలోలు తూగుతుంది. 24 కిలోల పిల్లాడికి అది అరవై శాతం పైమాట. 65 కిలోల మనిషికి 40 కిలోల సైకిల్ ఇచ్చి రాయగడ నుంచి కోరాపుట్ వైపు ఎక్కమంటే ఎలా ఉంటుందో అదీ అలాంటిదే. మంచి పిల్లల సైకిల్ 9, 10 కిలోల్లో వస్తుంది. మన బడ్జెట్లో 11, 12 దొరికినా తేడా పిల్లాడికి మొదటి రోజే తెలుస్తుంది.

షాకుల సంగతి గట్టిగానే చెప్పాలి. చవక సైకిల్ ముందు ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కొమ్ముల్లో, ఉండే స్ప్రింగు పెద్దవాళ్ళ బరువుకు తగ్గట్టు ఉంటుంది. పిల్లాడు కూర్చుంటే అది కదలదు. నమ్మకం లేకపోతే పిల్లాణ్ణి ఎక్కించి ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద ఒత్తమనండి. వేలెడు కూడా దిగకపోతే అది షాకు కాదు, రెండు కిలోల పైబడ్డ బరువు. సీటు కింద ఉండే వెనక స్ప్రింగూ అంతే, పైగా ప్రతి తొక్కుడులో కొంత బలం మింగేస్తుంది. కొత్తగా కొనేటప్పుడు షాకుల్లేని అల్యూమినియం ఫ్రేము, మామూలు ఫోర్కు, లావు టైర్లు అడగండి. అంతకు మించింది ఆ ధరలో లేదు. పిల్లాడు రెండు షాకుల బొమ్మ చూసి మోజుపడతాడు, నిజమే. ఎత్తు మీద పక్కింటి పిల్లలను దాటినప్పుడు ఆ మోజు దానంతటదే మారుతుంది.

ఉన్న సైకిల్ బరువు తగ్గించాలంటే బుట్ట, క్యారియర్, ప్లాస్టిక్ సోకులు తీసేయండి. స్టాండు ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. ముందు షాకు తీసి మామూలు ఫోర్కు వేయించాలంటే నాలుగు సరిచూడాలి: చక్రం సైజు, ఫ్రేములోకి వెళ్ళే గొట్టం మందం, అది మరలున్నదా లేనిదా, మీ బ్రేకు రకం. ఫోర్కు పొడవు కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి. బాగా పొట్టిదైతే ముక్కు కిందికి వంగి దిగుళ్ళలో హ్యాండిల్ తత్తరపడుతుంది.

ఇక గేరు. ముందు పళ్ళచక్రం, వెనక అన్నిటికంటే పెద్ద చక్రం, రెండింటి పళ్ళూ లెక్కపెట్టండి. ముందు 36, వెనక 28 ఉంటే పెడలు ఒక చుట్టుకు వెనక చక్రం చుట్టుంబావు తిరుగుతుంది, మన ఎత్తులకు అది బరువు గేరు. ముందు 30, వెనక 34 వేస్తే చుట్టుకంటే తక్కువే తిరుగుతుంది, పిల్లాడు కూర్చునే ఎక్కేస్తాడు. 7 గేర్ల మర ఫ్రీవీలులో (వెనక పళ్ళచక్రాల గుత్తి) 14 నుంచి 34 పళ్ళది దొరుకుతుంది. రాయగడలో లేకపోతే పార్వతీపురంలోనో, రైలెక్కి విజయనగరం, విశాఖ వెళ్ళినప్పుడో చూడండి. వెనక డెరైలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) 34 పళ్ళను మోయగలదో లేదో అడగండి. పాత చైను పొట్టిదైపోతే పొడుగుది వేయాలి, పొట్టి చైనుతో పెద్ద చక్రం మీదికి మారిస్తే డెరైలర్ విరగొచ్చు.

"21 గేర్లు" అన్న మాటకు లొంగకండి. ముందు మూడు పళ్ళచక్రాలు, వాటికో డెరైలర్, ఇంకో మీట: పిల్లకు అయోమయం, సైకిల్‌కు బరువు. ముందు ఒకటి, వెనక ఏడు చాలు. మార్చే మీట బొటనవేలితో నొక్కేదైతే మేలు. పిడికిలితో తిప్పే రకం చిన్న చేతులకు గట్టిగా ఉంటుంది, చెమట పట్టినప్పుడు అసలు తిరగదు.

మోకాళ్ళు నొప్పి అంటున్నాడు, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతోంది

సీటు మరీ కిందికి ఉన్నా మోకాళ్ళు నొప్పెడతాయి. అలవాటైన పిల్లాడికి పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. అది సరిగ్గా ఉన్నా నడుము ఊగుతుంటే క్రాంకు, అంటే పెడలు బిగించి ఉండే ఇనప చెయ్యి, పొడవు చూడండి. చాలా కొట్టుల్లో పిల్లల సైకిళ్ళకు కూడా పెద్దవాళ్ళ 170 మి.మీ. క్రాంకులే తగిలించేస్తారు. పొడవు క్రాంకు వెనకవైపు, పెడలు బిగించే చోట చెక్కి ఉంటుంది. ఎత్తులో పదో వంతు అన్నది వాడుకలో ఉన్న లెక్క: 125 సెం.మీ. పిల్లాడికి 125 మి.మీ. దగ్గర్లో. దొరికేవి 127, 140, 152. 20 ఇంచులకు 140 మించకుండా, 24 ఇంచులకు 152 మించకుండా చూసుకోండి. పొట్టి క్రాంకుతో పాటు ముందు పళ్ళచక్రమూ చిన్నది వస్తే, ఎత్తుల బాధ కూడా కొంత తగ్గుతుంది. క్రాంకు పొట్టిది వేశాక సీటు ఆ తేడా మేరకు పైకి లేపండి.

దిగుడులో బ్రేకు వేయట్లేదు, చెప్పులు నేలకు రాస్తూ ఆపుతోంది

దీన్ని వాయిదా వేయకండి. మిగతావన్నీ వచ్చే ఆదివారం చూసుకోవచ్చు, ఇది ఈ పూటే.

పిల్ల చెయ్యి హ్యాండిల్ మీద పెట్టించి, రెండు వేళ్ళు మీట మీద వేయమనండి. వేళ్ళ కొసలు మాత్రమే అందుతుంటే అదే కారణం. మీట మొదట్లో, హ్యాండిల్‌కు బిగించిన చోటికి దగ్గరగా చిన్న స్క్రూ ఉంటుంది. కొన్నిటికి స్క్రూడ్రైవరు, కొన్నిటికి 2 లేదా 2.5 మి.మీ. ఎలెన్ కీ పడుతుంది. దాన్ని లోపలికి తిప్పుతుంటే మీట హ్యాండిల్ వైపు దగ్గరవుతుంది. వేలి మొదటి గణుపు మీటమీద ఆనేదాకా తిప్పండి. తరవాత వైరు సవరించాలి, లేకపోతే మీట హ్యాండిల్‌కు తగిలిపోయి బ్రేకు పట్టదు. స్క్రూ లేని ప్లాస్టిక్ మీటలైతే మార్చేయండి, ఖర్చు తక్కువే.

మీట అందుతున్నా గట్టిగా ఉంటే వైరు తుప్పు పట్టింది. ఇక్కడి వానలకు ఒక్క సీజన్ చాలు. పాత వైరుకు నూనె పొయ్యడం కంటే లోపలి వైరూ దాని పైతొడుగూ రెండూ కొత్తవి వేయడం నయం. పైతొడుగు మెలికలు లేకుండా ఉండాలి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగకూడదు.

డిస్కు బ్రేకు తప్పనిసరి అనుకోకండి. వైరుతో లాగే చవక డిస్కు కంటే సరిగ్గా కట్టిన మామూలు వి-బ్రేకు (చక్రం అంచును రబ్బరు ముక్కలతో రెండు వైపులా పట్టేది) తేలిక, పిల్లల చేతికి మెత్తన, ఇక్కడి మెకానిక్కులందరికీ తెలిసినది. డిస్కు ఉంటే దానిమీద నూనె చుక్క పడనివ్వకండి. చైనుకు నూనె వేసిన చేత్తో ముట్టుకున్నా పట్టు తగ్గుతుంది.

ఏ మీట ముందు చక్రానిదో చూసి పిల్లకు చెప్పండి. మన దేశంలో ఎక్కువగా కుడిది. దిగుడులో రెండూ కలిపి, నెమ్మదిగా పట్టడం ఇంటి ముందు వాలులో నేర్పాకే ఘాటీ రోడ్డు మాట ఎత్తండి.

గులకరాళ్ళ మీద ఎగిరెగిరి పడుతోంది, ఎర్రమట్టిలో జారుతోంది

గాలి ఎక్కువైంది. రోడ్డు పక్క కంప్రెసరుతో కొట్టించుకుంటే టైరు రాయిలా అయిపోతుంది. 25 కిలోల పిల్లకు రెండించుల వెడల్పు టైరులో 20 నుంచి 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, టైరు పక్కన రాసిన కనీసం కంటే మాత్రం తగ్గించకండి. చిన్న చేతిపంపు, గాలికొలత గేజీ కొనుక్కోండి. అసలు షాకు ఈ టైరే.

హ్యాండిల్ తత్తరపడుతోంది, మలుపులో కాలి వేళ్ళు ముందు చక్రానికి తగులుతున్నాయి

సైకిళ్ళు పెట్టెల్లో విడిగా వచ్చి కొట్టులో బిగిస్తారు. ఆ హడావిడిలో ఫోర్కు వెనక్కి తిరిగి బిగిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. పక్కనుంచి చూడండి: ఫోర్కు కొసలు ముందుకు వంగి ఉండాలి. వి-బ్రేకు ఫోర్కుకు ముందు వైపు కనబడాలి. వెనక్కి ఉంటే స్టెమ్ వదులు చేసి ఫోర్కును అర చుట్టు తిప్పి మళ్ళీ బిగించాలి, అంతే. ఫోర్కు సరిగ్గానే ఉంటే ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద మెడ దగ్గర టకటకమంటే బేరింగు వదులైంది, బిగించేదాకా తొక్కనివ్వకండి.

హ్యాండిల్ మరీ వెడల్పున్నా తిప్పడం కష్టమే. 20 ఇంచుల సైకిల్‌కు 54 నుంచి 58 సెం.మీ. సరిపోతుంది. ఎక్కువుంటే రెండు వైపులా సమంగా హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచు ఆకురాయితో నున్నగా చేసి, రబ్బరు పిడి చివర మూత ఉండేలా చూడండి. మూత లేని గొట్టం పడినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది.

చైను ఊడుతోంది, గేరు దానంతటదే మారుతోంది

సైకిల్ కుడివైపుకు పడిందా అని అడగండి. పడితే డెరైలర్ వేలాడే కొక్కెం వంగి ఉంటుంది. వెనక నుంచి చూస్తే డెరైలర్ చక్రాలు నిలువుగా కాకుండా పుల్లల వైపు వాలి కనబడతాయి. నిటారు చేయించాకే స్క్రూల జోలికి వెళ్ళాలి. కొక్కెం బాగుంటే వైరు బిగువు సరిచేస్తే చాలావరకు కుదురుతుంది. కాలిన ఇంజనాయిల్, కొబ్బరినూనె చైనుకు వద్దు, మన ఎర్రదుమ్ము పట్టి గరుకు ముద్దవుతుంది. పొడిగుడ్డతో తుడిచి మిషను నూనె ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి.

ఏడాదిలోనే చిన్నదైపోయింది

ఈ వయసులో పిల్లలు ఏడాదికి 5, 6 సెం.మీ. ఎదుగుతారు, ఒక చక్రం సైజు మామూలుగా రెండు మూడేళ్ళు నడుస్తుంది. ముందు సీటు గొట్టం పైకి లేపండి, దానిమీద చెక్కిన హద్దు గీత బయటికి కనబడకూడదు. గీత దాటాల్సి వస్తే పొడవైన గొట్టం వేయండి. సీటు అందుతున్నా మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతుంటే ఫ్రేము మార్చే వేళయింది.

అప్పుడు కొత్తది కొనడం కంటే కట్టించుకోవడం గురించి ఆలోచించండి. షాకుల్లేని పాత 24 ఇంచుల సైకిల్ తీసుకుని, పగుళ్ళు లేవని వెల్డింగుల దగ్గర వేలితో తడిమి చూసి, చక్రాల బెండు తీయించి, బేరింగులకు గ్రీజు పెట్టించండి. చిన్న సైకిల్‌కు వేసిన పొట్టి స్టెమ్, మీటలు, 34 పళ్ళ ఫ్రీవీలు కొలత కుదిరితే దీనికి వచ్చేస్తాయి. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. బలవంతంగా రెండోవైపు తిప్పితే క్రాంకు మర పాడవుతుంది.